ఇంట్లో పళ్లు తెల్లబరచుకోవాలంటే: ముందు పసుపు ఎక్కడిదో చూసుకోండి

ఆషాఢం మొదలైందంటే మా క్లినిక్‌లో ఒకటే ప్రశ్న. శ్రావణంలో పెళ్లి, ఫొటోల్లో పళ్లు తెల్లగా కనపడాలి, మీ చుట్టూ తిరగకుండా ఇంట్లోనే చేసుకునే దారి ఏమైనా ఉందా అని. ఉంది. అందరికీ పనిచేయదు, పనిచేసినవాళ్లకి కూడా కొన్నాళ్లు పళ్లు జివ్వుమంటాయి. పళ్ల డాక్టరుగా నేను మొదట అడిగేది మాత్రం పళ్లు తెల్లబరిచే జెల్ గురించి కాదు, ఆ పసుపు పంటి మీద ఉందా, లోపల ఉందా అని.

ఇది మీరే చూసుకోవచ్చు. ట్యూబ్‌లైటు కింద కాకుండా పగటిపూట కిటికీ దగ్గర అద్దం పట్టుకోండి. కింది ముందుపళ్ల వెనకవైపు, పంటికీ పంటికీ మధ్య సందుల్లో చూడండి. అక్కడ గోధుమరంగు గీతలు, గరుకైన గార కనిపిస్తే మీకు కావాల్సింది తెల్లబరచడం కాదు, క్లీనింగ్. మా క్లినిక్ చిక్కడపల్లిలో ఉంది కాబట్టి సిటీ సెంట్రల్ లైబ్రరీలో గ్రూప్స్‌కి చదువుకునే పిల్లలు చాలామంది వస్తుంటారు. చాయ్ మీద చాయ్ తాగి పళ్లు గోధుమరంగుకి వచ్చేసి ఉంటాయి. గార తీసి పాలిష్ చేశాక అద్దం చేతికిస్తే, ఇక వేరే ఏమీ వద్దు మేడమ్ అని లేచి వెళ్లిపోయేవాళ్లే ఎక్కువ. పాన్, గుట్కా మరకలూ అంతే, అలవాటు మానితేనే తిరిగి రావు. చిగుళ్ల కోసం రాసిచ్చిన క్లోర్‌హెక్సిడిన్ మౌత్‌వాష్‌ని ఆపమన్నప్పుడు ఆపకుండా నెలలకొద్దీ పుక్కిలించినా ఇలాంటి మరకే పడుతుంది. క్లీనింగ్ చేయిస్తే పళ్లు వదులవుతాయన్న భయం మాత్రం పెట్టుకోకండి. పళ్లు వదులయ్యేది ఆ గార కింద చిగురు, ఎముక దెబ్బతినడం వల్ల. ఖర్చు గురించి ఆలోచించేవాళ్లకి అఫ్జల్‌గంజ్‌లో ప్రభుత్వ డెంటల్ కాలేజీ ఆసుపత్రి ఉంది.

క్లీనింగ్ తర్వాత కూడా పసుపు అలాగే ఉంటే అది లోపలిది. పైనున్న ఎనామెల్ కొంచెం పారదర్శకంగా ఉంటుంది, దాని కింది డెంటిన్ రంగే సహజంగా పసుపు. వయసుతో పైపొర అరిగేకొద్దీ కింది రంగు ఎక్కువ కనిపిస్తుంది. ఇలాంటి పసుపు జెల్‌కి బాగా లొంగుతుంది. బూడిద రంగు అంత తేలిగ్గా లొంగదు. చిన్నప్పుడు టెట్రాసైక్లిన్ అనే యాంటీబయోటిక్ వాడినందువల్ల వచ్చిన చారలైతే నెలల తరబడి చేయాలి, అప్పటికీ పూర్తిగా పోవు. ఒక్క పన్ను మాత్రమే నల్లబడి ఉంటే దానికి జెల్ పూయకండి. ఎప్పుడో దెబ్బ తగిలి లోపల నరం చచ్చిపోయి ఉండొచ్చు, ముందు ఎక్స్‌రే తీయించాలి.

ఫ్లోరైడ్ మచ్చల గురించి కాస్త ఎక్కువే చెప్పాలి, ఎందుకంటే హైదరాబాద్‌లో ఈ పళ్లు రోజూ కనిపిస్తాయి. నల్గొండ జిల్లాలో మునుగోడు, మర్రిగూడ వైపు బోరునీళ్లు తాగి పెరిగినవాళ్లు ఇక్కడికొచ్చి స్థిరపడ్డారు కదా. ‘డాక్టరమ్మా, పిల్లకు ఈ సున్నం మచ్చలు పోతయా, పెళ్లి చూపులున్నయి’ అని తల్లులు అడుగుతారు. మన ప్రమాణాల ప్రకారం తాగేనీటిలో లీటరుకి 1.5 మిల్లీగ్రాములు మించి ఫ్లోరైడ్ ఉండకూడదు. అంతకంటే ఎక్కువున్న నీళ్లు పళ్లు లోపల తయారవుతున్న చిన్నవయసులో తాగితే ఎనామెల్ సరిగ్గా గట్టిపడదు. పన్ను బయటికి వచ్చాక ఏ ఫిల్టర్ నీళ్లు తాగినా ఆ మచ్చ మారదు. అలాంటి పళ్లకి జెల్ పెడితే మొదటి రోజుల్లో తెల్లమచ్చలు ఇంకా తెల్లగా తేలతాయి. ఇది తెలియక భయపడి మధ్యలో ఆపేస్తారు. కోర్సు పూర్తయ్యేసరికి చుట్టుపక్కల పన్ను కూడా తెల్లబడి కొందరిలో తేడా తగ్గుతుంది, గోధుమ మచ్చలు కొంత పలచబడతాయి. ముదురు మచ్చలకి, గుంటలు పడ్డవాటికి మాత్రం క్లినిక్‌లో చేసే పని వేరే ఉంది: పైపొరని అతి పలచగా రుద్ది తీయడం, రెసిన్ అనే ద్రవాన్ని పంటిలోకి ఇంకించడం లాంటివి. అది ఇంట్లో అయ్యేది కాదు.

ఇక వంటింటి చిట్కాలు. నిమ్మరసంలో వంటసోడా కలిపి రుద్దితే తెల్లబడతాయన్నది అందరికీ ఇష్టమైన చిట్కా. వంటసోడాది పెద్ద తప్పేం లేదు, అది మెత్తటి పొడి, పైమరకని కొంత తీస్తుంది. సమస్యంతా నిమ్మకాయతోనే. పులుపుని కొలిచే పీహెచ్ (అంకె తగ్గేకొద్దీ పులుపు ఎక్కువ) దాదాపు 5.5 కన్నా తగ్గితే ఎనామెల్ కరగడం మొదలవుతుంది, నిమ్మరసం పీహెచ్ 2 నుంచి 2.5 మధ్య ఉంటుంది. అలా మెత్తబడ్డ పంటిని బ్రష్‌తో రుద్దితే పైపొర పోతుంది. మొదట్లో శుభ్రంగా కనిపించి, ఏళ్లు గడిచేకొద్దీ కింది పసుపు ఇంకా బయటపడుతుంది. పోయిన ఎనామెల్ తిరిగి పెరగదు. బొగ్గుపొడి, ఉప్పు, ఇటుకపొడి కలిసిన పళ్లపొడి వాడటమంటే నాన్‌స్టిక్ పెనాన్ని స్టీలు పీచుతో తోమడమే. అరటి తొక్కతో నష్టమూ లేదు, లాభమూ లేదు. కొబ్బరినూనె పుక్కిలించడం హాయిగా అనిపిస్తే చేసుకోండి, రంగు మాత్రం దాంతో మారదు. వైట్నింగ్ టూత్‌పేస్టులు పైమరకలకే పరిమితం. వాటిలో నీలం, ఊదా రంగు ఉన్నవి పసుపుని కాసేపు కంటికి కనపడకుండా చేస్తాయి, అంతే. పెళ్లి రోజు ఉదయం వాడటానికి బాగానే ఉంటాయి.

నిజంగా లోపలి రంగుని మార్చేది పెరాక్సైడ్ ఒక్కటే. అది ఎనామెల్‌ని దాటి లోపలికి వెళ్లి రంగు పదార్థాలని విరగ్గొడుతుంది. హైడ్రోజన్ పెరాక్సైడ్ రూపంలో పళ్ల మీద అతికించే స్ట్రిప్స్‌లో, కార్బమైడ్ పెరాక్సైడ్ రూపంలో పళ్లకి తొడిగే ట్రేలో వేసే జెల్‌లో దొరుకుతుంది. 10 శాతం కార్బమైడ్ అంటే సుమారు 3.5 శాతం హైడ్రోజన్ పెరాక్సైడ్‌తో సమానం. కొనేటప్పుడు ఈ లెక్క గుర్తుండాలి, ఎందుకంటే ఆన్‌లైన్‌లో 35 అని పెద్ద అక్షరాలతో రాసి, అది ఏ పెరాక్సైడో చిన్న అక్షరాల్లో దాస్తారు. 35 శాతం హైడ్రోజన్ పెరాక్సైడ్ చిగుళ్లకి రక్షణ పూత వేసి క్లినిక్‌లో వాడేది, ఇంట్లో ముట్టుకోకూడదు. యూరప్‌లో 2012 నుంచి 6 శాతం దాటిన హైడ్రోజన్ పెరాక్సైడ్‌ని ఈ పనికి అమ్మనివ్వడం లేదు. మీరూ దాన్నే గీతగా పెట్టుకోండి. శాతం రాయని ప్యాకెట్, క్లోరిన్ డయాక్సైడ్ ఉన్న ప్యాకెట్ ఎంత చవకైనా వద్దు. నీలం లైటు కోసం అదనంగా డబ్బులు పెట్టనవసరం లేదు, పనిచేసేది జెల్.

ఇంటి పద్ధతులతో పళ్లు తెల్లబడతాయా అని 2018లో కాక్రేన్ సంస్థ 71 అధ్యయనాలని ఒకచోట పెట్టి పరిశీలించింది. తక్కువ కాలానికి తెల్లబడతాయి, కానీ ఆధారాలు అంత బలంగా లేవు అని తేల్చింది. ఎక్కువమందిలో కనిపించిన ఇబ్బందులు పళ్లు జివ్వుమనడం, నోట్లో మంట. నేను రోజూ చూసేదీ ఇదే.

ఎలా చేసుకోవాలంటే, ముందు గార తీయించి, పిప్పిపళ్లు ఉంటే ఫిల్లింగ్ చేయించండి. రంధ్రంలోంచి జెల్ లోపలికి దిగితే రాత్రంతా నిద్ర ఉండదు. పళ్ల అచ్చు తీయించి ట్రే చేయించుకుంటే మంచిది. అందరికీ ఒకే సైజులో వచ్చే ట్రేలు వదులుగా ఉండి జెల్ అంతా చిగుళ్ల మీదికి కారుతుంది. మొదలుపెట్టే రెండు వారాల ముందు నుంచే పొటాషియం నైట్రేట్ ఉన్న సెన్సిటివిటీ పేస్టుతో తోముకోండి.

రాత్రి భోజనం అయ్యాక బ్రష్ చేసి, సందుల్లో దారంతో తీసి, ట్రేలో పళ్ల ముందువైపు ఆనే గోడకి ఒక్కో పంటికి మెతుకంత జెల్ చాలు. ఎక్కువ పెడితే ఎక్కువ తెల్లబడవు. ట్రే పెట్టుకున్నాక అద్దం ముందు నిలబడి, అంచు దాటి చిగురు మీదికి వచ్చిన జెల్‌ని మెత్తటి బ్రష్‌తోనో వేలితోనో తుడిచేయాలి. చాలామంది వదిలేసేది ఈ పనే. 10 శాతం కార్బమైడ్ అయితే రాత్రంతా ఉంచుకోవచ్చు, అంతకన్నా ఘాటువి ప్యాకెట్ మీద రాసినంతసేపే. పొద్దున ట్రేని చల్లటి నీళ్లతో కడగండి, వేడి నీళ్లకి వంకర పోతుంది. జెల్‌ని ఫ్రిజ్‌లో పెట్టండి, మన ఎండాకాలం వేడికి బలం పోతుంది.

మొదటి వారం పైవరసకే పెట్టమని చెప్తాను. కింది పళ్లతో పోల్చి చూసుకుంటే నిజంగా తేడా వచ్చిందో లేదో మీకే తెలుస్తుంది. రోజూ ఫొటో తీసుకున్నా ఒకే కిటికీ, ఒకే సమయం ఉండాలి. సాధారణంగా రెండు వారాలు చాలు. పూర్తయిన మర్నాడు కనిపించే తెలుపులో కొంత తాత్కాలికం. పన్ను తడి ఆరి అలా కనిపిస్తుంది, వారం పది రోజుల్లో కాస్త తగ్గి నిలకడకి వస్తుంది.

జివ్వుమనడం మొదలైతే టెన్షన్ పడక్కర్లేదు, చాలావరకు ఆపిన కొద్దిరోజుల్లో పోతుంది. రోజు విడిచి రోజు పెట్టుకోండి, మధ్య రోజున అదే ట్రేలో సెన్సిటివిటీ పేస్టు వేసి పావుగంట ఉంచండి. ఐస్, సోడా, పుల్లటివి కొన్నాళ్లు పక్కన పెట్టండి. చిగురు అంచున సున్నం పూసినట్టు తెల్లటి పట్టీ కనిపించి మండితే అది జెల్ కాల్చిన గుర్తు. నీళ్లతో బాగా పుక్కిలించి, మానేదాకా ఆపండి. నొప్పి ఒకే పంటికి వచ్చి అక్కడే ఆగితే, లేదా మానేసి వారం దాటినా తగ్గకపోతే చూపించుకోవాలి.

18 ఏళ్లలోపు పిల్లలు, గర్భిణులు, పాలిచ్చే తల్లులు వద్దు. చిగురు దిగి వేరు బయటపడ్డవాళ్లు డాక్టరుని అడగకుండా పెట్టకూడదు. వేరు భాగం తెల్లబడదు, పైగా బాగా జివ్వుమంటుంది. ముందుపళ్లకి క్యాపులు, సిమెంటు ఉంటే వాటి రంగు ఏ జెల్‌కీ మారదు, చుట్టుపక్కల తెల్లబడి అవి పసుపుగా తేలతాయి. వాటిని ఎలాగూ మార్చాలనుకుంటే ముందు తెల్లబరచుకుని, కనీసం రెండు వారాలు ఆగి, ఆ కొత్త రంగుకి సరిపోయేలా చేయించుకోవాలి. ఈ లెక్కలన్నీ కలిపితే ముహూర్తానికి ఆరు నుంచి ఎనిమిది వారాల ముందు క్లినిక్‌లో కనపడాలి. పెళ్లికి వారం ముందు వచ్చినవాళ్లకి నేను క్లీనింగ్ చేసి పంపిస్తాను, జెల్ ఇవ్వను.

తెలుపు ఎంతకాలం ఉంటుందన్నది మీ చాయ్‌ని బట్టి, సిగరెట్‌ని బట్టి. కొందరికి నెలల్లో, కొందరికి ఏడాది రెండేళ్లకి తగ్గుతుంది. ట్రే జాగ్రత్తగా దాచుకుంటే అప్పుడు ఒకటి రెండు రాత్రులు పెట్టుకుంటే సరిపోతుంది. గడువు దాటిన జెల్ సిరంజి మాత్రం పారేసి కొత్తది తీసుకోండి.