పాత లారీని మళ్లీ రోడ్డెక్కించాలంటే: ఏం చూసి కొనాలి, సామాన్లు ఎక్కడ వెతకాలి

పాత లారీకి సామాన్లు దొరకవనే మాట సగమే నిజం. బేరింగులు, ఆయిల్ సీళ్లు, బ్రేక్ కప్పులు, లైనర్లు, పిస్టన్లు, కమాన్ కట్టలు లాంటి అరిగిపోయే వస్తువులు ఏదో ఒక దారిన ఇప్పటికీ దొరుకుతాయి, లేదంటే చేయించుకోవచ్చు. దొరకనివి పోత పోసినవి, అచ్చు కొట్టినవి: ఇంజిన్ బ్లాకు, హెడ్డు, గేర్‌బాక్స్ కేసు, వెనక ఇరుసు హౌసింగు, బానెట్టు, ముందు ముఖం, గ్రిల్లు. బండి బేరం చేసేటప్పుడు చూడాల్సింది వీటినే. స్టార్టయి పొగ కక్కే బండికన్నా, ఇంజిన్ బిగుసుకుపోయినా ముఖం రేకులు నిండుగా ఉన్న బండే నయం. బ్లాకు పక్కల నిలువునా తుప్పు చారలు కనిపిస్తే అక్కడ పగులుందేమో గోకి చూడండి. డిప్‌స్టిక్ మీద ఆయిల్ పాలలా తెల్లబడి ఉంటే నీళ్లు లోపలికి దిగుతున్నట్టే.

చిత్తూరు, తిరుపతి చుట్టుపక్కల షెడ్లలో ఎక్కువగా కనిపించేవి మూతి ముందుకున్న పాత టాటాలు, లేలాండ్ కామెట్లు. ఫార్గో, బెడ్‌ఫోర్డ్ అరుదు. టాటాకు బెంజ్‌తో ఒప్పందం 1954 నుంచి 1969 దాకా నడిచింది. ముఖం మీద బెంజ్ నక్షత్రం ఉన్నవి ఆ కాలపు బండ్లు. టాటా ఇంజిన్లలో 692, 697 రెండింటినీ కలిపేయకండి. 692 అంటే ఆరు సిలిండర్లు, 92 మి.మీ. బోరు (సిలిండరు లోపలి వ్యాసం), 120 మి.మీ. స్ట్రోకు (పిస్టన్ కదిలే దూరం). 697 అంటే 97 మి.మీ. బోరు, 128 మి.మీ. స్ట్రోకు. చాలా బండ్లలో మధ్యలో ఎప్పుడో ఇంజిన్ మార్చేసి ఉంటారు. ఆర్‌సీలో ఏముందో చూసి సామాన్లు కొనొద్దు. బ్లాకు మీద మసి తుడిచి, అక్కడున్న నంబరు రాసుకుని కొనండి.

కాగితాల సంగతి డబ్బు చేతులు మారకముందే తేల్చుకోవాలి. ఫ్రేము మీద కొట్టిన చాసిస్ నంబరు ఆర్‌సీతో అక్షరం పొల్లుపోకుండా కలవాలి. 2021లో వచ్చిన వింటేజ్ రిజిస్ట్రేషన్ 50 ఏళ్లు దాటిన సొంత వాడకపు టూవీలర్లకు, ఫోర్‌వీలర్లకే. గూడ్స్ లారీకి ఆ దారి లేదని అనుకునే లెక్క వేసుకోండి. ఫిట్‌నెస్ గురించి ఆర్టీవో ఆఫీసులో ముందే అడగాలి. ఆర్‌సీ రద్దయిన బండి షెడ్డులో బొమ్మగా పనికొస్తుందే గానీ రోడ్డుకు పనికిరాదు.

ఇక పని. మొదట చాసిస్. సుత్తితో బారు పొడవునా తట్టుకుంటూ పోండి. గట్టి ఇనుము ఖంగుమంటుంది, తుప్పు తిన్నచోట మొద్దు శబ్దం వస్తుంది. ఫ్రేముకు రెండో పట్టీ వేసినచోట, కట్టల బ్రాకెట్ల వెనక తుప్పు దాక్కుంటుంది. వదులైన రివెట్టుకు వెల్డింగ్ చుక్క పెట్టడం మన దగ్గర అలవాటు. అది తప్పు. రివెట్టు తీసి, రంధ్రం రీమర్‌తో సాపు చేసి, అందులో బిగువుగా కూర్చునే 8.8 గ్రేడు బోల్టు వేయాలి. ఫ్రేము పై అంచుకూ కింది అంచుకూ అడ్డంగా వెల్డింగ్ అసలు చేయొద్దు. వేడికి ఇనుము గుణం మారి, లోడు పడ్డాక పగులు అక్కడే మొదలవుతుంది.

బిగుసుకుపోయిన ఇంజిన్‌ను సెల్ఫ్‌తో తిప్పకండి, ఇంకో బండికి కట్టి లాగించకండి. రింగులు లైనరుకు పట్టేసి ఉంటాయి. బలవంతంగా తిప్పితే కనెక్టింగ్ రాడ్డు వంగుతుంది, వాల్వు ఇరుక్కుని ఉంటే పుష్‌రాడ్డు కూడా. ముందు ట్యాపెట్ కవరు విప్పి వాల్వులు పైకీ కిందకీ ఆడుతున్నాయో లేదో చూడండి. తర్వాత నాజిళ్లు తీసి, ఒక్కో సిలిండరులో 50 మి.లీ. దాకా డీజిలు, ఏటీఎఫ్ ఆయిలు (ఆటోమేటిక్ గేర్‌బాక్సుల్లో పోసేది) సగం సగం కలిపి పోయండి. మూడు నాలుగు రోజులు వదిలేసి, క్రాంకు పుల్లీ నట్టుకు పొడవాటి బారు పెట్టి అటు కొంచెం, ఇటు కొంచెం ఆడించండి. కదిలాక కూడా ఒక్కసారిగా తిప్పేయొద్దు. నాజిళ్లు బిగించేలోపు సిలిండర్లలో మిగిలిన ఆయిలంతా బయటికి పోవాలి, లేదంటే మొదటి తిప్పుడుకే అది అడ్డుపడి రాడ్డు విరుగుతుంది.

కదలని పక్షంలో హెడ్డు దించక తప్పదు. క్రాంకు జర్నళ్లను, అంటే బేరింగుల్లో తిరిగే గుండ్రటి భాగాలను, మైక్రోమీటరుతో రెండు దిక్కులా కొలవండి. తేడా 0.05 మి.మీ. దాటితే గ్రైండింగుకు పంపాలి. బేరింగులు మామూలుగా 0.25 మి.మీ. మెట్లలో దొరుకుతాయి. సరిపోయే సైజు బేరింగు చేతికొచ్చాకే గ్రైండింగ్ చేయించండి, ముందు కాదు.

డీజిలు పంపును, నాజిళ్లను విప్పకుండా డీజిల్ ల్యాబుకు ఇవ్వడమే మంచిది. పంపు మీదున్న ప్లేటు పోగొట్టుకోకండి, సెట్టింగులన్నీ దాని నంబరు ఆధారంగానే చేస్తారు. ట్యాంకు కడిగి, ఫిల్టర్లు మార్చాక గాలి తీయాలి. ఫిల్టరు బ్లీడ్ స్క్రూ వదులు చేసి, బుడగలు ఆగేదాకా చేతి పంపు కొట్టండి. తర్వాత పంపు దగ్గర, చివర్లో నాజిల్ నట్ల దగ్గర. మొదటిసారి స్టార్ట్ చేసేటప్పుడు ఎయిర్ ఫిల్టరు గొట్టం విప్పి, ఒక మనిషి మందపాటి చెక్క పట్టుకుని సిద్ధంగా ఉండాలి. పంపులో డీజిలు ఎంత వెళ్లాలో నడిపే కడ్డీ (రాక్) ఇరుక్కుంటే ఇంజిన్ ఆగకుండా రేసు పెరిగిపోతుంది. గాలి మూసేయడమే అప్పుడు దారి. చేత్తో మూయొద్దు, లోపలికి లాగేస్తుంది.

రేడియేటరులో బోరు నీళ్లు పోయకండి. మన ప్రాంతపు బోరు నీటికి సున్నం కడుతుంది, వెనక సిలిండర్ల దగ్గర పేరుకుని హెడ్డు పగలగొడుతుంది. పాత ఇత్తడి రేడియేటరు పై ట్యాంకు విప్పించి, గొట్టాల్లో కమ్మీ వేయించి శుభ్రం చేయించండి. తర్వాత ఆర్వో నీళ్లు, కూలెంటు.

చక్రాల దగ్గర ప్రాణాలు పోతాయి. పాత 9.00-20 రిమ్ముకు లాక్ రింగు ఉంటుంది. నట్లు తాకే ముందే వాల్వు పిన్ను తీసి గాలి మొత్తం వదలాలి. జంట చక్రాలైతే రెండింటికీ. తిరిగి గాలి కొట్టేటప్పుడు చక్రాన్ని ఇనుప బోనులో పెట్టండి. రింగు ఎదురుగా ఎవరూ నిలబడకూడదు. ఎడమవైపు నట్టు రావడం లేదని పైపు వేసి తొక్కే ముందు స్టడ్డు చివర ఎల్ అక్షరం ఉందేమో చూడండి. చాలా పాత లారీలకు ఎడమవైపు మరలు రివర్సులో ఉంటాయి, మామూలుగా బిగించే వైపు తిప్పితేనే వదులవుతాయి. టైరు మీద తేదీ మూడంకెలదైతే అది 2000కు ముందుది, ఎంత గాటున్నా పారేయాల్సిందే.

బ్రేకు కప్పులు, గొట్టాలు అన్నీ కొత్తవే వేయాలి. సిస్టమ్‌లో ఇంజిన్ ఆయిల్ చుక్క పడినా రబ్బరు ఉబ్బుతుంది. పాత బ్రేకు లైనర్ల దుమ్ములో ఆస్బెస్టాస్ ఉంటుంది, గాలి కొట్టకుండా తడిగుడ్డతో తుడవండి.

సామాన్ల వేట ఎప్పుడూ పాత ముక్క చేతిలో పట్టుకునే సాగాలి. అంగట్లో బండి పేరు చెబితే లేదంటారు, నంబరు చెబితే అరలోంచి తీసిస్తారు. బేరింగు అంచును కిరోసిన్‌తో తుడిస్తే 6308 లాంటి నంబరు బయటపడుతుంది. చివరి రెండంకెలు 08ని ఐదుతో గుణిస్తే లోపలి వ్యాసం, 40 మి.మీ. బయటిది 90, మందం 23. ఈ బేరింగు ఏ ఊళ్లోనైనా దొరుకుతుంది. ఆయిల్ సీలుకు లోపలి కొలత, బయటి కొలత, మందం, ఈ మూడు చాలు. బుష్షులు, కింగ్ పిన్నులు తిరుపతి ఆటోనగర్ లేత్‌లలోనే తిప్పించుకోవచ్చు. పాత సామాన్లకు చెన్నై పుదుపేట, కొత్త స్టాకుకు అక్కడి జీపీ రోడ్డు, బెంగళూరు జేసీ రోడ్డు. గేర్‌బాక్సో హౌసింగో మొత్తంగా కావాలంటే విజయవాడ ఆటోనగర్, నామక్కల్ వైపు చూడండి. దూరం వెళ్లే ముందు నంబరు, ఫోటో, కొలతలు వాట్సాప్‌లో పంపి అడగండి. ఫోటోలో స్కేలు పక్కన పెట్టడం మరవొద్దు.

క్యాబిన్ విషయంలో ఒరిజినల్ కోసం తిరగడం దండగ. అప్పట్లో చాలావరకు లారీని ముఖం దాకా చాసిస్‌గానే అమ్మేవారు. క్యాబిను, తొట్టి బాడీ కట్టేవాళ్లు చెక్కతో, రేకుతో కట్టినవే. పాతది కూల్చేముందు తలుపు వంపు, కిటికీ కొలత ప్లైవుడ్ మీద గీసుకోండి. ఇనుము మీద చెక్క కూర్చునే ప్రతిచోటా తారు పెయింటు, మధ్యలో రబ్బరు పట్టీ వేయాలి. చెక్క కుళ్లేది అక్కడే.

మొదటి పరుగు ఖాళీ బండితో చంద్రగిరి దాకా చాలు. మొగిలి ఘాట్ తర్వాత చూసుకోవచ్చు. దిగగానే ఒక్కో హబ్బు మీద చెయ్యి పెట్టి చూడండి. చెయ్యి ఆనించలేనంత కాలితే బ్రేకు పట్టేస్తున్నట్టు, లేదా బేరింగు ఎక్కువ బిగించినట్టు. చక్రాల నట్లు, యూ-బోల్టులు చల్లారాక బిగించి, 500 కిలోమీటర్లకు ఇంకోసారి బిగించండి.