ఏజ్ ఆఫ్ ఎంపైర్స్ 2లో రంగులు తారుమారైతే సరిచేసుకునే విధానం

సెలవులకు గాజువాక నుంచి వచ్చిన మా మేనల్లుడు నా పాత కంప్యూటరులో ఏజ్ ఆఫ్ ఎంపైర్స్ 2 తెరిచి, "మామయ్యా, నేలంతా ఊదారంగులో ఉందేమిటి?" అని అడిగాడు. 1999లో వచ్చిన ఈ ఆటను తీసేసి మళ్లీ ఇన్‌స్టాల్ చేసినా ఆ లోపం పోదు, ఎందుకంటే కారణం ఆట ఫైళ్లలో లేదు.

ముందుగా డెస్క్‌టాప్ మీద కూడా గీతలు, మచ్చలు కనిపిస్తున్నాయేమో చూడండి. కనిపిస్తే గ్రాఫిక్స్ కార్డును అనుమానించాలి. పెదవాల్తేరు వంటి సముద్రతీర ప్రాంతాల్లో ఉప్పుగాలికి కార్డు అంచునున్న పసుపు పట్టీలు మసకబారుతాయి కాబట్టి, కరెంటు పూర్తిగా తీసేశాక వాటిని పెన్సిల్ రబ్బరుతో మృదువుగా రుద్ది తిరిగి బిగించండి.

డెస్క్‌టాప్ శుభ్రంగా ఉండి, ఆటలో గోడలు, గొర్రెలు, చెట్లు వాటి ఆకారంలోనే ఉంటూ రంగులు మాత్రమే చెడితే, అది రంగుల పట్టిక సమస్యే. ఈ ఆట తెర మీది ఒక్కో చుక్కకు రంగును నేరుగా చెప్పదు; 0 నుంచి 255 వరకు ఒక అంకెను మాత్రమే ఇస్తుంది. ఏ అంకెకు ఏ రంగో 256 గళ్ల పట్టిక తేలుస్తుంది. విండోస్ 7లో డెస్క్‌టాప్‌ను నడిపే ఎక్స్‌ప్లోరర్ ఆ గళ్లలో కొన్నింటిని మధ్యలో మార్చేయడం వల్లనే పచ్చిక ఊదాగా, నీరు ఎర్రగా మారుతుంది. టాస్క్ మేనేజర్‌లో ఎక్స్‌ప్లోరర్‌ను ఆపి ఆడుకుని, తర్వాత అక్కడి నుంచే మళ్లీ నడిపించుకోవచ్చు గానీ, ప్రతిసారీ అలా చేయడం విసుగు.

నేను నమ్మే మార్గం, ఆట రంగుల పట్టికను ఎక్స్‌ప్లోరర్ చెడగొట్టకుండా చూసే సీఎన్‌సీ-డీడ్రా అనే ఉచిత సాధనం. దాని డీఎల్ఎల్ (ప్రోగ్రామ్), ఐఎన్ఐ (సెట్టింగులు) ఫైళ్లను ఆట అసలు ఈఎక్స్ఈ, అంటే ఆటను నడిపించే ఫైలు, ఉన్న ఫోల్డరులోనే పెట్టాలి. చాలామంది పొరపడేది ఇక్కడే: ఈ ఆటకు అదనపు భాగంగా వచ్చిన కాంకరర్స్ విస్తరణ ఈఎక్స్ఈ ప్రధాన ఫోల్డరులో కాక, ఏజ్2_ఎక్స్1 అనే లోపలి ఫోల్డరులో ఉంటుంది. మా వాడూ మొదట బయటే పెట్టి, ఏమీ మారలేదని నిరాశపడ్డాడు. లోపలికి మార్చగానే పచ్చిక పచ్చబడింది.

బొమ్మ అడ్డంగా సాగినట్లు కనిపిస్తే, 4:3 నిష్పత్తి బొమ్మను 16:9 తెర లాగుతోందని అర్థం. అదే సాధనం సెట్టింగుల్లో నిష్పత్తిని కాపాడే ఎంపికను పెడితే, ఇరుపక్కలా నల్లపట్టీలు వచ్చి బొమ్మ సరైన కొలతకు వస్తుంది. ఒకవేళ ఆట అసలే తెరుచుకోకపోతే, మీరు పెట్టిన ఫైళ్లను తీసేయండి. ఆట పూర్వస్థితికి వస్తుంది.