గని దారుల్లో గేర్‌బాక్స్ వేడెక్కకుండా టిప్పర్ నడపడం

ఎర్రగుంట్లలో నా షెడ్డుకు వచ్చే బండ్లలో ఎక్కువ భాగం సున్నపురాయి గనుల్లోనో, బండల గనుల్లోనో తిరిగే టిప్పర్లు. ఎండాకాలం వచ్చిందంటే గేర్‌బాక్స్ పనులు పెరుగుతాయి. డ్రైవర్లందరిదీ ఒకటే మాట: "లోడు ఎక్కువ, ఎండ ఎక్కువ, అందుకే కాలింది." కాదనను. మే నెలలో ఇక్కడ 43 డిగ్రీలు దాటే రోజులుంటాయి. కానీ విప్పి చూస్తే నాకు ఎక్కువగా కనిపించేవి రెండే. క్లచ్ ప్లేటు జారి పుట్టిన వేడి, ఆయిల్ సరిగా లేక పుట్టిన వేడి. రెండూ డ్రైవర్ చేతిలో ఉన్నవే.

ముందు క్లచ్ సంగతి. అరచేతులు గట్టిగా రుద్దుకుంటే ఎలా కాలుతాయో, హాఫ్ క్లచ్‌లో, అంటే పెడల్ సగం నొక్కి ఉంచినప్పుడు, ప్లేటు అలాగే కాలుతుంది. ఇంజిన్ ఒక వేగంతో, గేర్‌బాక్స్ ఇంకో వేగంతో తిరిగినంతసేపూ ఆ రాపిడి ఆగదు. అందుకే గనిలో నుంచి లోడుతో పైకి వచ్చేటప్పుడు ఏ గేరులో ఎక్కాలో ర్యాంపు కిందే తేల్చుకోవాలి. 9 స్పీడ్ బాక్సుల్లో క్రాలర్ గేర్, అంటే అన్నిటికంటే కింది గేరు, ఇచ్చింది ఇందుకే. టైమ్ పోతుందని చాలామంది దాన్ని ముట్టుకోరు, పై గేరులోనే బండి లేపుతారు. సగం మిట్ట ఎక్కాక ఇంజిన్ గొణుగుతుంది. అప్పుడు గేరు మార్చాలంటే క్లచ్ నొక్కిన క్షణంలోనే బండి ఆగిపోతుంది, ఎందుకంటే కింద ఉన్నది తారు రోడ్డు కాదు, కదిలే రాళ్లు. మళ్లీ హాఫ్ క్లచ్‌తో లాగాల్సి వస్తుంది. అలా ఒక్కసారి లాగితే చాలు, క్యాబిన్‌లోకి కాలిన వాసన వస్తుంది.

మధ్యలో ఆగిపోతే క్లచ్, యాక్సిలరేటర్ ఆడిస్తూ బండిని నిలబెట్టొద్దు. హ్యాండ్ బ్రేక్ వేయండి, క్లీనర్‌తో వెనక టైరు కింద రాయి పెట్టించండి. క్రాలర్‌లో వేసి, ప్లేటు పట్టగానే బ్రేక్ వదిలి, క్లచ్ పూర్తిగా వదిలేయండి. యాక్సిలరేటర్ గట్టిగా తొక్కేది ఆ తర్వాతే. మామూలుగా నడిపేటప్పుడు కూడా ఎడమ కాలు పెడల్ మీద ఉండకూడదు. కొంచెం బరువు పడినా ప్లేటు మీద ఒత్తిడి తగ్గి జారుతుంది, పెడల్ నొక్కితే క్లచ్‌ను విడదీసే రిలీజ్ బేరింగ్ కూడా అరుగుతుంది.

పెన్నా ఇసుకలోనో, వానకు నానిన నల్లరేగడిలోనో దిగబడితే ముందుకూ వెనక్కూ ఊపి లాగే అలవాటు మానుకోండి. అలా ఊపినంతసేపూ క్లచ్ కాలుతూనే ఉంటుంది. టైర్ల ముందు పారతో తవ్వి, పగిలిన బండ ముక్కలు పరిచి, డిఫరెన్షియల్ లాక్ (వెనక రెండు వైపుల చక్రాలనూ కలిపి తిప్పేది) ఉంటే చక్రం తిరగక ముందే వేసి, ఒకే ఊపులో బయటికి రండి. మన వైపు బండ ముక్కలకు కొదవ లేదు, పది ముక్కలు ఎప్పుడూ బండిలో ఉంచుకోండి.

ఇక ఆయిల్. సమతలం మీద నిలిపి, కాస్త చల్లారాక పక్కనున్న లెవల్ ప్లగ్ విప్పి చూడండి. ఆయిల్ రంధ్రం కింది అంచు దాకా ఉండాలి. తక్కువైతే బేరింగులు ఎండిపోతాయి. ఎక్కువ పోస్తే మంచిదనుకునేవాళ్లున్నారు, అది తప్పు. ఎక్కువైన ఆయిల్‌ను గేర్లు చిలికి నురగ చేస్తాయి, ఆ నురగే వేడి పెంచుతుంది. ఏ గ్రేడ్ అన్నది బండి పుస్తకం చూసి పోయండి, షాపువాడు ఇచ్చింది కాదు. డ్రెయిన్ ప్లగ్ అయస్కాంతానికి బూడిద రంగు ముద్ద అంటుకుంటే మామూలే. చేతికి గుచ్చుకునే ఇనుప పెచ్చులు కనిపిస్తే బండి తిప్పకుండా విప్పించండి.

ఎవరూ పట్టించుకోనిది బ్రీదర్. గేర్‌బాక్స్ పైన ఉండే చిన్న గాలి మూత. గని దుమ్ము తడిసి గట్టిపడితే అది మూసుకుపోతుంది. లోపల గాలి వేడికి వ్యాకోచించి, దారి దొరక్క ఆయిల్ సీళ్లను తోసేస్తుంది. సీలు కారి ఆయిల్ తగ్గుతుంది, తగ్గిన ఆయిల్‌తో వేడి ఇంకా పెరుగుతుంది. సీలు మార్చి పంపితే మళ్లీ కారుతోందని వచ్చే బండ్లలో నేను మొదట చూసేది ఈ మూతనే. బండి కడిగినప్పుడల్లా తుడిచి, గాలి ఆడుతోందో లేదో చూడండి. బాక్సు చుట్టూ పట్టిన మట్టిని కూడా గీకేయాలి, ఆ పొర ఉంటే వేడి బయటికి పోదు. వాగు దాటాల్సి వస్తే, కాలిన బాక్సుతో వెంటనే నీళ్లలోకి దిగొద్దు. ఒక్కసారిగా చల్లబడి బ్రీదర్ ద్వారా నీళ్లు లోపలికి పీల్చుకుంటుంది. తర్వాత ఆయిల్ పాలలా తెల్లబడితే మార్చాల్సిందే.

చేతితో ముట్టి వేడి అంచనా వేయడం కంటే ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్ కొనుక్కోవడం మేలు. రోజూ అదే ట్రిప్పు తర్వాత, బాక్సు మీద ఒకే చోట చూసి రాసుకోండి. లోపల ఆయిల్ వేడి బయటి కంటే ఎక్కువే ఉంటుంది, అది తరచూ 120 డిగ్రీలు దాటితే ఆయిల్ త్వరగా చెడిపోతుంది. అంకె ఉన్నట్టుండి పెరిగితే ముందు లెవల్, తర్వాత బ్రీదర్ చూడండి.

క్లచ్ వాసన వస్తే బండి పక్కకు తీసి, న్యూట్రల్‌లో క్లచ్ వదిలి, ఇంజిన్ ఐడ్లింగ్‌లో ఉంచండి. ఫ్లైవీల్ తిరుగుతుంటే ప్లేటుకు గాలి తగులుతుంది. కాలిన బాక్సు మీద నీళ్లు మాత్రం పోయొద్దు, పగులుతుంది.

పొలాలకు, గనుల తనిఖీకి ఆటోమేటిక్ పికప్పులు వాడేవాళ్లకు ఒక మాట. వాటిలో వేడి పుట్టేది టార్క్ కన్వర్టర్‌లో, అంటే క్లచ్ బదులు ఆయిల్‌తో బలాన్ని అందించే భాగంలో. నెమ్మదిగా, బరువుగా ఎక్కేటప్పుడు 4ఎల్‌లో (నాలుగు చక్రాలూ లాగే లో గేరులో) వేయండి, గేరు చేత్తో కిందికి పెట్టుకోండి. టెంపరేచర్ లైట్ వెలిగితే ఇంజిన్ ఆపకుండా పార్క్‌లో పెట్టండి, ఆయిల్ కూలర్ గుండా తిరిగి చల్లబడుతుంది.

చివరగా, బండి ఆగిపోయి ఇంకో బండితో లాగించాల్సి వస్తే ముందు గేర్‌బాక్స్ నుంచి వెనక ఇరుసుకు పోయే ప్రొపెల్లర్ షాఫ్ట్ విప్పించండి. ఇంజిన్ ఆగి ఉంటే బాక్సులో ఆయిల్ చిలికే గేర్లు తిరగవు, వెనక చక్రాలు మాత్రం బాక్సు లోపలి మెయిన్ షాఫ్ట్‌ను ఆయిల్ అందకుండానే తిప్పుతూ ఉంటాయి. క్వారీ నుంచి ఎర్రగుంట్ల దాకా అలా లాక్కొచ్చిన బాక్సు లోపల బేరింగులు నీలం రంగుకు తిరిగి ఉంటాయి. విప్పిన బోల్టులు ఒక సంచిలో వేసి క్యాబిన్‌లో పెట్టండి, మళ్లీ అవే కావాలి.