కాన్పు తర్వాత పొట్ట కండరాల మధ్య ఖాళీ: నాకు పనిచేసింది ఇది

బాబుకు 8 నెలలు వచ్చినా, మంచం మీద నుంచి లేస్తుంటే నా పొట్ట మధ్యలో గట్టులా లేచేది. బొడ్డు పైన కండరాల మధ్య ఖాళీలో 3 వేళ్లు దిగేవి. కడుపులో బిడ్డ పెరిగేకొద్దీ పొట్ట కండరాల మధ్య పొర సాగి ఇలా అవుతుంది. అమ్మ కట్టిన గుడ్డ, బెల్టు, క్రంచెస్ (పడుకుని తల, భుజాలు పైకి లేపే వ్యాయామం) ఏవీ పనిచేయలేదు.

గుంటూరులో ఫిజియోథెరపీ మేడమ్ నేర్పింది ఇది. వెల్లకిలా పడుకుని మోకాళ్లు మడిచి గాలి పీల్చాలి. నోటితో మెల్లగా వదులుతూ, మూత్రం ఆపుకున్నట్టు కింది కండరాలు బిగించి, అప్పుడు బొడ్డును లోపలికి లాగాలి. 5 సెకన్లు, 10 సార్లు, రెండు పూటలా. ఇంతకుముందు నేను ఊపిరి బిగబట్టేదాన్ని, అందుకే పొట్ట ఇంకా ఉబ్బేది. లేచేటప్పుడు పక్కకు తిరిగి చెయ్యి ఆనించి లేచేదాన్ని.

3 నెలలకు ఒకటిన్నర వేలికి వచ్చింది. కొంత దానంతట అదే తగ్గిందేమో కూడా. నాది మామూలు కాన్పు. సిజేరియన్ అయినవాళ్లు, బొడ్డు దగ్గర ఉబ్బు ఉన్నవాళ్లు ముందు డాక్టరుకు చూపించుకోండమ్మా.