మోటార్‌హోమ్ వెనక కారు: తేడా ఎక్కడ కొడుతుంది, ఏం చేయాలి

ముప్పై అడుగుల మోటార్‌హోమ్ (ఇల్లులా ఉండే పెద్ద బండి, దీన్నే ఆర్వీ అంటారు) నడుపుతుంటే వెనక కట్టి లాగుతున్న కారు వస్తున్నట్టే తెలియదు. చిక్కంతా అక్కడే ఉంది. కారు టైరు పేలినా, బ్రేకు పట్టేసినా ముందు సీట్లో ఉన్న మనకి ఆలస్యంగా తెలుస్తుంది. అమెరికాలో ఆర్వీ కొని, దిగిన ఊళ్లో తిరగడానికి కారు కూడా వెనక కట్టుకెళ్దామనుకునే మనవాళ్లకి సాధారణంగా ఎదురయ్యేవి ఇవి.

ఇంట్లో ఉన్న కారు పనికిరాదంటున్నారు

చాలావరకు నిజమే. మన ఇళ్ల ముందు ఎక్కువగా కనిపించే ఆటోమేటిక్ క్యామ్రీ, సియెన్నా, టెస్లాలను నాలుగు చక్రాలూ నేల మీద ఉంచి లాగకూడదు. చాలా ఆటోమేటిక్ గేర్‌బాక్సుల్లో ఆయిల్ పంపు ఇంజిన్‌తోనే తిరుగుతుంది. ఇంజిన్ ఆగిపోయి చక్రాలు మాత్రం తిరుగుతుంటే లోపలి భాగాలకు ఆయిల్ అందక కాలిపోతాయి. న్యూట్రల్‌లో పెట్టినంత మాత్రాన ఆయిల్ రాదు. టెస్లాలో చక్రాలతో పాటు మోటారు కూడా తిరిగి కరెంటు పుట్టిస్తుంది.

కొనేముందు ఓనర్స్ మాన్యువల్‌లో ‘రిక్రియేషనల్ టోయింగ్’ (మరో బండి వెనక కట్టి లాగడం) పేజీ చదవండి. సేల్స్‌మన్ మాట నమ్మొద్దు. అదే మోడల్ ఒక ఏడాది పనికొచ్చి మరుసటి ఏడాది పనికిరాకపోవచ్చు. హోండా సీఆర్‌వీ 2014 దాకా సరిపోయేది. 2015లో సీవీటీ (గేర్లు విడివిడిగా లేని ఆటోమేటిక్) గేర్‌బాక్స్ వచ్చాక ఆ అవకాశం పోయింది. నా ఓటు జీప్ రాంగ్లర్‌కే. గేర్‌బాక్స్ శక్తిని ముందు, వెనక చక్రాలకి పంచే ట్రాన్స్‌ఫర్ కేస్‌ని న్యూట్రల్‌లో పెడితే చక్రాలకీ గేర్‌బాక్సుకీ సంబంధం తెగిపోతుంది. అది నిజంగా న్యూట్రల్‌లో పడిందో లేదో చూడటానికి ఇంజిన్ ఆన్‌లో ఉండగానే డ్రైవ్‌లో వేసి చూడండి. బండి కదలకూడదు.

ఫ్రంట్ వీల్ డ్రైవ్ కారైతే ముందు చక్రాలు పైకెత్తి లాగే డాలీ ఉంది. కాకపోతే క్యాంప్‌గ్రౌండ్‌కి చేరాక ఖాళీ డాలీని ఎక్కడ పెట్టాలన్నది రోజూ ఉండే గొడవే.

కొండ ఎక్కుతుంటే ఇంజిన్ వేడెక్కుతోంది

బరువు ఎక్కువైందేమో చూడాలి. ఫోర్డ్ ఈ-450 ఛాసీ మీద కట్టిన మోటార్‌హోమ్‌కి కారుతో కలిపి మొత్తం పరిమితి సాధారణంగా 22,000 పౌండ్లు. మోటార్‌హోమ్‌ని నీళ్లు, సామాను, మనుషులతో సహా ట్రక్ స్టాప్‌లో తూకం వేయించి, ఆ బరువును అందులోంచి తీసేయండి. 8,000 మిగిలినా హిచ్ (మోటార్‌హోమ్ వెనక కారుని తగిలించే కొక్కెం) మీద 5,000 అని రాసి ఉంటే 5,000 వరకే లాగాలి.

కాలిన వాసన

ఇది నాకే జరిగింది. ఫీనిక్స్ నుంచి ఐ-17 మీద ఫ్లాగ్‌స్టాఫ్‌కి వెళ్తూ రెస్ట్ ఏరియాలో ఆగాం. కారు దగ్గరకి వెళ్లగానే ఘాటుగా వాసన వచ్చింది. ముందు చక్రం పక్కన చెయ్యి పెడితే పొయ్యి దగ్గర పెట్టినట్టు సెగ. తప్పు నాదే. కారులో డ్రైవర్ సీటు ముందు పెట్టే బ్రేక్ బాక్స్‌ని (మోటార్‌హోమ్ బ్రేకు వేసినప్పుడు కారు బ్రేకు పెడల్‌ని నొక్కేది) హడావుడిలో సరిగ్గా బిగించలేదు. దాని చెయ్యి పెడల్‌ని అరంగుళం నొక్కే ఉంచింది. ఆ అరంగుళానికి ప్యాడ్లు, డిస్కులు మార్చాల్సి వచ్చింది.

బాక్స్ బిగించే ముందు ఇంజిన్ ఆపి, పెడల్ గట్టిపడేదాకా నాలుగైదు సార్లు తొక్కండి. బ్రేకుకి బలమిచ్చే బూస్టర్‌లోని వాక్యూమ్ పోయాకే బాక్స్ సెట్టింగ్ సరిగ్గా కుదురుతుంది. బయల్దేరాక పది మైళ్లలోపు ఒకసారి ఆగి నాలుగు చక్రాలనూ చూసుకోండి. ఈ తలనొప్పి ఎందుకని బ్రేకే పెట్టకుండా వెళ్లేవాళ్లున్నారు. చాలా రాష్ట్రాల్లో 3,000 పౌండ్లు దాటితే బ్రేకు తప్పనిసరి. పైగా దిగుడులో మోటార్‌హోమ్ బ్రేకులే రెండు బళ్లనీ ఆపాలి.

చేరాక కారు స్టార్ట్ కావట్లేదు

తాళం యాక్సెసరీలో (ఇంజిన్ నడవకుండా కరెంటు మాత్రం వచ్చే స్థానంలో) ఉండటం, బ్రేక్ బాక్స్ కరెంటు తాగటం రెండూ కలిసి బ్యాటరీని ఖాళీ చేస్తాయి. మోటార్‌హోమ్ నుంచి ఛార్జింగ్ వైరు వేయించుకుంటే సరి. మాన్యువల్‌లో ఫ్యూజు తీయమని ఉంటే తీయండి, మళ్లీ పెట్టడం మర్చిపోకండి.

కారు అటూ ఇటూ ఊగుతోంది

స్పీడు మెల్లగా తగ్గించి ఆపండి. టైర్లలో గాలి, ముందు చక్రాల జాయింట్లలో వదులు, టో బార్ (కారుని హిచ్‌కి కలిపే కడ్డీ) ఏటవాలు చూడాలి. హిచ్, కారు ముందు భాగంలో టో బార్ తగిలించే బేస్ ప్లేట్ దాదాపు ఒకే ఎత్తులో ఉండాలి. తేడా మూడు నాలుగు అంగుళాలు దాటితే ఎత్తు సరిచేసే డ్రాప్ హిచ్ పెట్టించండి.

లైట్లు పిచ్చిపిచ్చిగా వెలుగుతున్నాయి

ఇండికేటర్ వేస్తే రెండు వైపులా మసకగా మిణుకుమంటే ముందు గ్రౌండ్ వైరు చూడండి. తుప్పు గీకి మళ్లీ బిగిస్తే తొంభై శాతం పని అయిపోయినట్టే.

టో బార్ పిన్ను రావట్లేదు

వంకరగా ఆపారు, బార్ బిగుసుకుంది. సుత్తితో కొట్టకండి. కారులో కూర్చుని స్టీరింగ్ కొంచెం తిప్పుతూ, కారుని అంగుళం ముందుకీ వెనక్కీ కదిపితే వదులుతుంది. కారు కట్టి ఉండగా మోటార్‌హోమ్‌ని మాత్రం రివర్స్ చేయొద్దు. కారు ముందు చక్రాలు అడ్డం తిరిగి బార్ వంగిపోతుంది. ఇరుకు గ్యాస్ స్టేషన్‌లో ఇరుక్కుంటే ఎంత క్యూ ఉన్నా సరే దిగి, కారు విప్పి, అప్పుడే వెనక్కి తీయండి. వెనకవాళ్లు హారన్ కొడితే కొట్టుకోనివ్వండి.