చిన్నారి చేతిరాతను గుడ్డపై కుట్టే ముందు జాగ్రత్తలు

చిన్నారి రాసిన అసలు కాగితానికి ముందుగా జిరాక్సు తీయించి, ఆ నకలుతోనే పని చేయాలి. పెన్సిలు రాత నాలుగుసార్లు చేయి తగిలితే చాలు, మసకబారుతుంది.

నూలు గుడ్డను ఒకసారి తడిపి, ఆరబెట్టి, ఇస్త్రీ చేసిన తరువాతే దానిపై గీతలు దించాలి, లేనిపక్షంలో కుట్టు పూర్తయ్యాక మొదటి ఉతుకులోనే గుడ్డ కుంచించుకుపోయి అక్షరాల చుట్టూ ముడతలు పడతాయి. ఎర్ర దారం రంగు వదులుతుందేమో తడి తెల్లగుడ్డపై రుద్ది చూడాలి.

గీతలు గీసే పెన్ను విషయంలోనే ఎక్కువమంది పొరపడతారు. నీటితో చెరిగే నీలిరంగు పెన్ను వాడినట్లయితే, ఆ గీతలను పూర్తిగా కడిగేవరకు ఇస్త్రీపెట్టె తగలనీయకూడదు, ఎందుకంటే వేడికి ఆ మరక గుడ్డలోనే నిలిచిపోవచ్చు. వేడికి మాయమయ్యే పెన్ను గీతలు గట్టి చలిలో మళ్లీ తేలవచ్చు కనుక, మంచు కురిసే దేశంలోని మనవలకు పంపే కానుకకు అది పనికిరాదు.

తెలుగు లిపిలో వంపులు ఎక్కువ కాబట్టి, ఆరు పోగుల దారంలో రెండు పోగులే తీసుకుని, మెలిక తిరిగే చోట కాడకుట్టును (గీతలా వరుసగా సాగే స్టెమ్ స్టిచ్‌ను) బాగా పొట్టిగా వేయాలి. కుట్టు పొడవైతే ‘అ’ గుండ్రదనం పోయి మూలలు తేలుతుంది. ఐదేళ్ల పాప ‘అమ్మ’ అని రాస్తూ ఒత్తును పక్కకు జార్చినా, తలకట్టు మరిచినా దిద్దకూడదు. దిద్దితే అది మన రాత అవుతుంది.

రాత్రిపూట గుడ్డను ఫ్రేములోంచి తీసేయాలి. పాప పక్కనే కూర్చుని చూస్తుంటే, లేచే ముందు సూదులు లెక్కపెట్టుకోవాలి.