పాత విండోస్‌లో కొన్న గేమ్‌లను కాపాడుకోవడం ఎలా?

కంప్యూటర్ గేమ్‌లు అమ్మే ఆన్‌లైన్ స్టోర్ స్టీమ్ 2024 జనవరి 1న విండోస్ 7, 8, 8.1లకు సపోర్ట్ ఆపేసింది. గేమ్‌లు పాడవలేదు, కంప్యూటర్లూ పాడవలేదు. స్టీమ్ యాప్ లోపల పేజీలు చూపించేది గూగుల్ క్రోమ్ ఇంజిన్. క్రోమ్ పాత విండోస్‌లను వదిలేసింది, దాని వెనకే స్టీమ్ కూడా. ఎక్స్‌పీ, విస్టాలకు 2019 జనవరి 1నే ఇది జరిగింది. 2026 జనవరి 1 నుంచి 32 బిట్ విండోస్ వంతు వచ్చింది.

కొన్న గేమ్ మనది కాదా అంటే, ఒప్పందం ప్రకారం కాదు. మనకు ఇచ్చేది లైసెన్స్ మాత్రమే అని స్టీమ్ 2024 అక్టోబర్ నుంచి డబ్బు కట్టే చోటే రాస్తోంది. దున్నుకుంటున్నది మనమే, పట్టా మాత్రం మన పేరున లేదు. ఆ లైసెన్స్ ఉందా లేదా అని గేమ్ తెరిచే ముందు చూసే తాళమే డీఆర్‌ఎం. ఏ గేమ్‌కు తాళం ఉంది, దేనికి లేదు అన్నది స్టోర్ యాప్ పనిచేస్తున్నప్పుడే తేల్చుకోవాలి.

1. మీ విండోస్ ఏదో చూడండి. విండోస్ బటన్, ఆర్ కలిపి నొక్కి విన్‌వర్ (winver) అని టైప్ చేస్తే వెర్షన్ కనిపిస్తుంది. 32 బిట్టా, 64 బిట్టా అన్నది విండోస్ 10లో అయితే సెట్టింగ్స్‌లో సిస్టమ్, అబౌట్ దగ్గర ఉంటుంది. విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ 2025 అక్టోబర్ 14న సపోర్ట్ ఆపేసినా, 64 బిట్ అయితే వెంటనే టెన్షన్ పడక్కర్లేదు.

2. నెట్ ఆపి పరీక్షించండి. అన్నిటికంటే ముఖ్యమైన పని ఇదే. గేమ్ ఇన్‌స్టాల్ అయ్యాక ఒకసారి మామూలుగా తెరిచి మూసేయండి. తర్వాత స్టీమ్‌ను పూర్తిగా ఎగ్జిట్ చేయండి. పైన ఇంటూ గుర్తు నొక్కితే చాలదు, గడియారం పక్కన ఐకాన్ ఇంకా బతికే ఉంటుంది, దాని మీద రైట్ క్లిక్ చేసి మూయాలి. వైఫై ఆపండి. స్టీమ్ ఇన్‌స్టాల్ అయిన చోట ఉండే స్టీమ్‌యాప్స్ ఫోల్డర్‌లో కామన్ అనే ఫోల్డర్ తెరిచి, అందులో గేమ్ ఈఎక్స్‌ఈ ఫైల్ మీద డబుల్ క్లిక్ చేయండి. గేమ్ నేరుగా తెరుచుకుంటే తాళం లేనట్టే. స్టీమ్‌లోనూ ఇలాంటివి ఉన్నాయి, చాలామందికి తెలియదు. స్టీమ్ మళ్ళీ లేచి లాగిన్ అడిగితే మాత్రం తాళం ఉన్నట్టు. ఒక్కో గేమ్ పేరు ఎదురుగా ఫలితం రాసుకోండి.

3. తాళం లేనివాటిని కాపీ చేయండి. గేమ్ ఫోల్డర్ మొత్తాన్ని బయటి హార్డ్ డిస్క్‌లోకి తీసుకోండి. స్టీమ్‌లో గేమ్ ఫైల్స్ బ్యాకప్ అనే ఆప్షన్ కనిపిస్తుంది గానీ, పేరు చూసి మోసపోకండి. దాన్ని తిరిగి ఎక్కించడానికి మళ్ళీ స్టీమే కావాలి. డౌన్‌లోడ్ డేటా మిగులుతుంది, అంతే.

ఇక్కడ నేను ఒక పూట వృథా చేశాను. పెన్‌డ్రైవ్‌లో బోలెడు ఖాళీ ఉన్నా ఒక్క ఫైల్ దగ్గర కాపీ ఆగిపోయేది. అది ఫ్యాట్32 ఫార్మాట్‌లో ఉందని సాయంత్రానికి గానీ చూసుకోలేదు. ఆ ఫార్మాట్‌లో 4 జీబీ దాటిన ఫైల్ పట్టదు. ముందే ఎక్స్‌ఫ్యాట్‌లోకో ఎన్‌టీఎఫ్‌ఎస్‌లోకో మార్చుకోండి. ఫార్మాట్ చేస్తే అందులో ఉన్నవన్నీ పోతాయి, అదొకటి గుర్తుంచుకోండి.

4. సేవ్ ఫైళ్ళు మరిచిపోకండి. నలభై గంటలు ఆడిన ఆట చాలాసార్లు గేమ్ ఫోల్డర్‌లో ఉండదు. డాక్యుమెంట్స్‌లో మై గేమ్స్, యూజర్ ఫోల్డర్‌లో సేవ్డ్ గేమ్స్, దాచి ఉండే యాప్‌డేటా, ఈ మూడూ వెతకండి.

5. జీఓజీలో కొన్నవాటికి ఇన్‌స్టాలర్ దించుకోండి. పోలండ్‌కు చెందిన సీడీ ప్రొజెక్ట్ 2008లో మొదలుపెట్టిన ఈ స్టోర్ డీఆర్‌ఎం లేకుండా అమ్మడానికే పేరుపడింది. వెబ్‌సైట్‌లో లాగిన్ అయి, మీ లైబ్రరీలో గేమ్ నొక్కితే ఆఫ్‌లైన్ ఇన్‌స్టాలర్లు కనిపిస్తాయి. పెద్ద గేమ్‌లకు ఒక ఈఎక్స్‌ఈ, దానితో కొన్ని బిన్ ఫైళ్ళు వస్తాయి. అన్నీ ఒకే ఫోల్డర్‌లో ఉండాలి, ఒక్కటి తగ్గినా ఇన్‌స్టాల్ కాదు. పాత కంప్యూటర్‌లో బ్రౌజర్ మొరాయిస్తే ఇంకో కంప్యూటర్‌లో దించి తీసుకురండి. నన్నడిగితే, బాగా ఇష్టమైన పాత గేమ్‌ను డిస్కౌంట్‌లో ఇక్కడ రెండోసారి కొనుక్కోవడం తాళాలతో కుస్తీ పట్టడం కంటే మేలు.

6. తాళం ఉన్నవాటికి దారి మార్చండి. స్టీమ్‌లో ఆఫ్‌లైన్ మోడ్ ఉంది. నెట్ ఉండగా లాగిన్ అయి, గేమ్ ఒకసారి తెరిచి, ఆ తర్వాత గో ఆఫ్‌లైన్ నొక్కాలి. ఎన్నాళ్ళు పనిచేస్తుందో హామీ లేదు. గట్టి దారి కావాలంటే అదే కంప్యూటర్‌లో విండోస్ బదులు లినక్స్ వేయండి. స్టీమ్‌లోని ప్రోటాన్ చాలా విండోస్ గేమ్‌లను అక్కడ నడిపిస్తుంది. కాకపోతే దానికి వల్కన్ అనే గ్రాఫిక్స్ టెక్నాలజీకి సపోర్ట్ ఉన్న గ్రాఫిక్స్ చిప్ కావాలి, మరీ పాత ల్యాప్‌టాప్‌లలో అది ఉండదు. తాళం పగలగొట్టే క్రాక్‌ల జోలికి పోకండి. వాటితో వైరస్‌లు రావడం ఎలాగూ ఉంది, ఇలాంటి తాళాలు పగలగొట్టడం మీద మన కాపీరైట్ చట్టంలో 65ఏ సెక్షన్ కూడా ఉంది.

పాత సీడీల కథ వేరు. సేఫ్‌డిస్క్ తాళం వేసిన సీడీలు విండోస్ 10లో తెరుచుకోవు. ఆ తాళం వాడే డ్రైవర్‌తో భద్రతకు ముప్పని మైక్రోసాఫ్ట్ దాన్ని పక్కనపెట్టింది, 2015 సెప్టెంబర్ అప్‌డేట్‌తో విండోస్ 7, 8లలోనూ ఆపేసింది. సీడీ మీద ఒక్క గీత లేకపోయినా ఫలితం ఇంతే.

కంపెనీ సర్వర్ మీదే నడిచే గేమ్‌లకైతే డిస్క్‌లో చోటు వృథా చేయకండి. యూబీసాఫ్ట్ కంపెనీ 2024 మార్చి 31న ద క్రూ అనే తన గేమ్ సర్వర్లు మూసేసింది. ఒంటరిగా ఆడేవాళ్ళకు కూడా ఆ తర్వాత అది తెరుచుకోలేదు.

కాపీలన్నీ అయ్యాక, హార్డ్ డిస్క్‌లోంచి ఒక గేమ్‌ను వేరే ఫోల్డర్‌లోకి తెచ్చి, నెట్ లేకుండా ఆడి చూడండి. గేమ్ నడవడానికి కావలసిన డైరెక్ట్‌ఎక్స్, విజువల్ సీ ప్లస్ ప్లస్ అనే సాఫ్ట్‌వేర్లు లేవని అడిగితే, స్టీమ్ ఇన్‌స్టాల్ ఫోల్డర్లలో కామన్‌రీడిస్ట్ (CommonRedist) పేరుతో ఉండే ఫోల్డర్‌లో అవి దొరకొచ్చు. దాన్నీ కాపీ చేసి పెట్టుకోండి. విండోస్ 7 కంప్యూటర్‌ను ఇక గేమ్‌లకే ఉంచి, వైఫై ఆపేయండి. అందులో బ్యాంక్ పాస్‌వర్డ్‌లు సేవ్ అయి ఉంటే ఇవాళే తీసేయండి.